నార నిద్రపోయే గది

కళ్లు మూసుకుంటేనే ఇన్సాఫ్‌కు నార బాగా కనిపించేది. ముందు ఉత్తరపు కిటికీ దగ్గర వెలుతురులో కట్టను ఒకసారి తిప్పి రంగు చూసేది. ఆ తర్వాత కళ్లు మూసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక పాయను పట్టుకుని మెల్లగా లాగేది. ఆ లాగడంలో ఆమె ఎక్కడికో వెళ్లిపోయేది. ఆ అవిసె ఏ చేలో నిలబడిందో, ఎంత నీరు తాగిందో, ఊరవేసిన తొట్టిలో ఒక పూట ఎక్కువ ఉందో తక్కువ ఉందో, అదంతా వేళ్ల గుండా లోపలికి నడిచి వస్తున్నట్టుండేది. పక్కన నార దంచే మర ఎంత మోత పెట్టినా ఆమెకు వినపడేది కాదు. తర్వాత కళ్లు తెరిచి "రెండు" అనేది. లేదా "మూడు". ఆ మాటతో ఆ బండి నార ఏ రకమో, ఎంత ధర పలుకుతుందో తేలిపోయేది. మీత్ హెలాల్ మిల్లులో ఆమె మాటకు ఎదురు మాట లేదు.

ఆమెకు ముందు ఆమె తల్లి అదే కిటికీ దగ్గర నిలబడేది. తల్లి కొంగు పట్టుకుని మిల్లుకు వచ్చే రోజుల్లో ఇన్సాఫ్ కట్టల గుట్టల మధ్య పడి నిద్రపోయేది. నార వాసన, తొట్ల మీదుగా వచ్చే కుళ్లు వాసన, దానిమీద తేలుతూ ఎక్కడిదో రొట్టె కాలిన వాసన. పెద్దయ్యాక కూడా ఆ మూడూ కలిస్తే ఆమె కళ్లు వాటంతట అవే బరువెక్కేవి.

నైలు నది దమియెట్టా పాయకు ఆనుకుని ఉంటుంది ఆ ఊరు. ఫిబ్రవరిలో తెల్లవారేసరికి చేలన్నీ నీలంగా లేస్తాయి. మధ్యాహ్నానికి పూరేకులన్నీ రాలిపోయి మళ్లీ పచ్చబడతాయి. మర్నాడు మళ్లీ నీలం. చిన్నప్పుడు ఇన్సాఫ్, ఆమె చెల్లెలు బహీగా గట్టు మీద కూర్చుని, నది తెల్లవారుజామున చేలల్లోకి వచ్చి కాసేపు పడుకుని వెళ్తుందని నమ్మేవాళ్లు. వెళ్లేటప్పుడు ఎలా వెళ్తుందో చూడాలని కాపు కాసేవాళ్లు. బహీగాకు ఓపిక ఉండేది కాదు. "అక్కా, నువ్వు చూసి చెప్పు" అని చెప్పి చెరుకు ముక్క కోసం ఇంట్లోకి పరుగెత్తేది. ఇన్సాఫ్ కూర్చునే ఉండేది. ఒక్కసారి కూడా చూడలేకపోయింది. చూస్తూ చూస్తూనే నీలం పోయేది.

ఆమె పెళ్లి కూడా నిద్రలోనే కుదిరిందని ఊళ్లో నవ్వుకునేవారు. పద్దెనిమిదేళ్లప్పుడు జిఫ్తా బజారు నుంచి మైక్రోబస్సులో వస్తూ కిటికీకి తలానించి నిద్రపోయింది. దిగాల్సిన మలుపు దాటిపోయింది. తంతాలో అందరూ దిగాక డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తే ఒళ్లో వంకాయల సంచి పెట్టుకుని ఒక పిల్ల నిద్రలో నవ్వుతోంది. అతని పేరు జెన్‌హోమ్. లేపకుండా బండి తిప్పి ఊరి మలుపు దాకా తెచ్చి, అక్కడ హారన్ కొట్టాడు. నెల తిరక్కుండా తన తల్లిని వెంటబెట్టుకుని పిల్లనడగడానికి వచ్చాడు. "నీకేం నచ్చిందిరా ఈ పిల్లలో" అని తల్లి అడిగితే, "నా బండిలో అంత నిశ్చింతగా ఎవరూ నిద్రపోలేదమ్మా" అన్నాడట. వాళ్లకు కరీమా అని ఒక కూతురు పుట్టింది. అప్పట్నుంచి ఊరంతా ఇన్సాఫ్‌ను ఉమ్ కరీమా అనేవారు, కరీమా తల్లి అని.

బహీగా పక్క వీధిలోని మిత్వల్లీని చేసుకుంది. మిత్వల్లీ పెద్ద గొంతు మనిషి. పొలంలో మాట్లాడితే కాలవ అవతలి గేదెలు తలెత్తేవి. మనసు మంచిది. తల్లి అంటే ప్రాణం. ఒక ఏడాది అతని అవిసె ఏపుగా పెరిగింది. ఊరవేయడమూ బాగా కుదిరింది. ఆ నార అమ్మి తల్లిని మక్కాకు తీసుకెళ్తానని ఊరందరికీ చెప్పాడు. జనవరిలో మంచు కురుస్తున్న ఒక పొద్దున ఒక పిడికెడు తెచ్చి ఇన్సాఫ్ చేతిలో పెట్టాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి లాగి చూసి, "రెండో రకం వస్తుందిలే" అంది. ఆ ముసలావిడ ఆ రోజే తెల్ల బట్టలు కుట్టించుకోవడం మొదలుపెట్టింది.

బండి మిల్లుకు వచ్చింది మాత్రం ఏప్రిల్‌లో. ఆ రోజు ఖమాసీన్ లేచింది. ఎడారి మీదుగా వచ్చే ఆ గాలి ఆకాశాన్ని పసుపు పచ్చగా చేసి, పెదాలు చీల్చి, తలుపు సందుల్లోంచి ఇసుక పోస్తుంది. ఇన్సాఫ్ ఒక కట్ట తీసి కళ్లు మూసుకుంది. పాయ గరగరలాడింది. ఇంకొంచెం లాగితే పుటుక్కుమంది. రెండో కట్ట తీసింది. అదీ అంతే.

"మూడు" అంది.

మిత్వల్లీ ముందు నవ్వాడు. "వదినా, సరిగ్గా చూడు. జనవరిలో నువ్వే కదా రెండన్నావు."

"అప్పుడు పిడికెడు చూశాను. ఇప్పుడు బండి చూస్తున్నా."

బండి పక్కనే బహీగా నిలబడి ఉంది, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని. చుట్టూ వేరే బళ్లవాళ్లు. అందరూ ఇన్సాఫ్ వైపే చూస్తున్నారు. మాట మారిస్తే చెల్లెలి కోసం మార్చిందంటారని ఆమెకు అనిపించింది. అలా అనిపించినందువల్లే వేళ్లు ఇంకాస్త బిగిశాయేమో, ఆ తర్వాత ఎన్నోసార్లు ఆలోచించినా ఆమెకే తెలియలేదు. వంచిన తల ఎత్తకుండా ఇంకో కట్ట తీసి, లాగి, "మూడే" అంది.

ఆ ఏడు మక్కా ప్రయాణం ఆగింది. ఆ చలికాలంలోనే ముసలావిడ పోయింది. పరామర్శకు వెళ్లి ఇన్సాఫ్ ఆడవాళ్ల వరసలో కూర్చుంది. బహీగా చక్కెర లేని కాఫీ గిన్నె పట్టుకుని ఒక్కొక్కరికీ పోసుకుంటూ వచ్చింది. అక్క దగ్గరికి వచ్చేసరికి ఆగకుండా పక్కావిడ ముందుకు నడిచింది. అంతే. అరుపులు లేవు, తిట్లు లేవు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే కాలవలో బియ్యం కడిగారు, ఒకే పొయ్యిలో రొట్టెలు కాల్చుకున్నారు, మాట మాత్రం లేదు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. కరీమా పెళ్లికి బహీగా రాలేదు. ఒక పళ్లెం నిండా కాక్ అనే తీపి బిళ్లలు చేసి పంపింది, ఎవరు పంపారో చెప్పవద్దని.

మధ్యాహ్నపు కునుకులో ఇన్సాఫ్‌కు తరచూ ఒకే కల వచ్చేది. చేతిలో ఆ నారే ఉండేది. ఒకసారి నీళ్లలా జారేది, ఒకసారి ఎండుగడ్డిలా విరిగేది. "ఏంటి నువ్వు, తేల్చి చెప్పు" అని ఆమె నారను అడిగేది. అది చెప్పేలోపు మెలకువ వచ్చేది.

అలా చాలా ఏళ్లు గడిచాక ఒక చలికాలంలో తంతాలోని నార పరిశోధనశాల నుంచి ఒకామె వచ్చింది. పేరు రబాబ్. అందరూ దోక్తోరా అనేవారు, డాక్టరమ్మ అని. భుజం మీద ఎప్పుడూ ఒక ఉన్ని స్వెటరు వేలాడేది. మాట్లాడుతూ మాట్లాడుతూ టీ తాగడం మరిచిపోయి, చల్లారిపోయాక తాగేది.

"ఇక్కడ మీరు రెండో రకం అన్నది నది అవతలి ఒడ్డున మూడో రకం అంటున్నారు" అంది ఆమె మిల్లు గదిలో కూర్చుని. "ఓడరేవులో కొనేవాడు ఇంకో పేరు పెడతాడు. బట్ట నేసే మిల్లువాడికి అదీ నచ్చదు. అందరూ నిజాయితీగానే చెప్తున్నారు. అదే కదా చిక్కు. చేతికి తెలిసినదాన్ని, ఎవరు ఎక్కడ కొలిచినా ఒకేలా వచ్చేట్టు చెయ్యాలి. అందుకు ముందు చేతులు కావాలి నాకు. వస్తారా, ఉమ్ కరీమా?"

ఇంట్లో ఈ సంగతి చెప్తే జెన్‌హోమ్ గడ్డం గోక్కున్నాడు. "ఒకప్పుడు నేను తెలీక నిన్ను తంతా దాకా మోసుకెళ్లాను. ఇప్పుడు ప్రభుత్వమే పిలిచి తీసుకెళ్తోందన్నమాట. కిరాయి ఎవరిస్తారో కనుక్కో."

"నీ బండిలో వెళ్తే కిరాయేంటి?"

"భార్యకి ఉచితం. ప్రభుత్వానికి కాదు."

పరిశోధనశాలకు వేర్వేరు ఊళ్ల నుంచి నార చూసేవాళ్లు కొందరు వచ్చారు. అందరిలో పెద్ద ఫిక్రీ. అవతలి ఒడ్డు మనిషి, తెల్ల మీసాలు, అందరికీ అమ్ము ఫిక్రీ, అంటే బాబాయి. మొదటి రోజంతా మాటల మీదే గడిచింది. నారను పొగడడానికి, తెగడడానికి ఎవరి ఊళ్లో వాళ్లు వాడే మాటలన్నీ చెప్పమంది రబాబ్. పట్టు, వెన్న, పిల్లి తోక, ముసలోడి గడ్డం, ఏవేవో వచ్చాయి.

"మెత్తన అంటారు కదా అందరూ. మెత్తన అంటే ఏంటి?" అని అడిగింది.

"మా ఆవిడకి కోపం లేని రోజు" అన్నాడు ఫిక్రీ.

"అది కొలిచే మిషను లేదు బాబాయ్."

"ఉంటే నాకూ ఒకటి కావాలి దోక్తోరా."

నవ్వులు తగ్గాక ఇన్సాఫ్ నెమ్మదిగా అంది. "మెత్తని నార చేతిలోంచి జారిపోదు. వేలి మీద వేస్తే రెండు వైపులా వాలుతుంది. గట్టిది నిలబడుతుంది. మెత్తది, నిద్ర వచ్చిన పిల్ల భుజం మీద తల వాల్చినట్టు వాలుతుంది."

రబాబ్ చల్లారిన టీ పక్కన పెట్టి, ఒక పాయను బల్ల అంచున వేసి, ఎంత కిందికి వాలిందో చూసింది. "దీన్ని కొలవచ్చు" అంది. తమ దగ్గర వంగే గుణాన్ని కొలిచే చిన్న పరికరం ఇదివరకే ఉందని, ఏ మాటకు ఏ కొలతను జత చేయాలన్నదే ఇన్నాళ్లూ తెలియలేదని చెప్పింది. తెగేదాకా లాగే మిషను, సన్నదనం చూసేందుకు గాలి ఊదే గొట్టం, రంగు చదివే దీపం, ఒక్కొక్కటీ చూపించింది. ఇన్సాఫ్‌ను అవేవీ భయపెట్టలేదు. ఒక్కో మిషనుకూ ఒక్కటే పని చేతనవును. వేళ్లు అన్నీ కలిపి చేస్తాయి గానీ ఏది ఎంతో విడదీసి చెప్పలేవు. రెండూ ఒకదానికొకటి కావాలని ఆమెకు సులువుగానే అర్థమైంది.

చివరికి వెనకున్న ఒక గదికి తీసుకెళ్లారు. ఒక తలుపు మూశాకే రెండోది తెరవాలి. లోపల అడుగుపెట్టగానే ఇన్సాఫ్ ఆగిపోయింది. చలి లేదు, వేడి లేదు. గాలి చర్మానికి తగులుతోందో లేదో తెలియడం లేదు. గోడలో ఎక్కడో ఒక యంత్రం నిద్రలో ఊపిరి తీసినట్టు సన్నగా రొద చేస్తోంది. దండేల మీద నార కట్టలు వేలాడుతున్నాయి, కదలకుండా, పాలిపోయిన బంగారు రంగులో.

"ఏడాదంతా ఇందులో ఒకే వాతావరణం" అంది రబాబ్, భుజం మీది స్వెటరు సర్దుకుంటూ. "నార గాలిలోని తేమను తాగుతుంది, మళ్లీ వదిలేస్తుంది. ఏ ఊరి నుంచి వచ్చినా, ఒక రోజంతా ఇక్కడ వేలాడదీస్తే అన్నీ ఒకే స్థితికి వస్తాయి. అప్పుడు గానీ కొలవం."

"నిద్రపుచ్చుతారన్నమాట."

"అలాగే అనుకోండి."

ఆ వసంతమంతా ఇన్సాఫ్ వారంలో కొన్ని రోజులు తంతా వెళ్లింది. కొన్ని కట్టలను పెరట్లోని రేకుల షెడ్డులో చూడమనేవారు, కొన్నింటిని ఆ గదిలో. కట్టకు అంకె ఉన్న బిళ్ల తప్ప ఊరి పేరు, రైతు పేరు ఉండేవి కావు. గదిలో కూర్చున్నప్పుడు ఆమెకు కాలం తెలిసేది కాదు. కళ్లు మూసుకుంటే ఫిబ్రవరి పొద్దున, పూరేకులు రాలడానికి ముందు, ఊరంతా ఊపిరి బిగబట్టుకున్న ఆ ఘడియలోనే ఉన్నట్టుండేది. అక్కడ తల్లి బతికే ఉన్నట్టు, బహీగా ఇప్పుడే చెరుకు ముక్కతో తిరిగి వస్తున్నట్టు అనిపించేది. బయటికొచ్చి చూస్తే ఒకరోజు వాన, ఒకరోజు దుమ్ము. లోకం ఇన్ని రకాలుగా ఉంటుందా అని కాసేపు మెట్ల మీదే నిలబడిపోయేది. జెన్‌హోమ్ రోడ్డు మీంచి హారన్ కొట్టేవాడు.

కోతలు అయ్యాక రబాబ్ అందర్నీ కూర్చోబెట్టి ఫలితాలు చెప్పింది. మొదట ఒక క్షమాపణ అడిగింది. వాళ్లకు తెలియకుండా అవే కట్టలను బిళ్లలు మార్చి మళ్లీ మళ్లీ ఇచ్చారట.

"షెడ్డులో చూసినప్పుడు ఉమ్ కరీమా ఒకే కట్టని ఒకరోజు రెండన్నారు. ఇంకోరోజు మూడన్నారు. మళ్లీ రెండు, మళ్లీ మూడు. ఫిక్రీ బాబాయ్ దాన్నే ఒకసారి ఒకటి అన్నారు, ఒకసారి మూడన్నారు."

ఫిక్రీ మీసం నోట్లోకి లాక్కున్నాడు. "అంటే నేను ఇన్నేళ్లూ నార చూడలేదు. వాతావరణ వార్తలు చదివాను."

"మీరొక్కరే కాదు. మా మిషను కూడా షెడ్డులో పెడితే తడబడింది. తేమగా ఉన్న రోజు అదే నార ఎంత లాగినా తట్టుకుంది, పొడిగాలి రోజు తొందరగా తెగింది. గదిలో చూస్తే మీ అందరి మాటా దాదాపు ఒకటే, మిషను మాటా ఒకటే. మీ చేతుల్లో తప్పు లేదు. చేతులు నారతో పాటు గాలిని కూడా చదువుతున్నాయి, అంతే. అందుకే కొత్త పద్ధతిలో మొదటి నియమం ఇదే. ముందు గదిలో విశ్రాంతి, తర్వాతే తీర్పు."

అందరూ ఒక్కసారిగా మాట్లాడుతున్నారు. ఇన్సాఫ్ మాత్రం అడిగింది, "నేను మూడు అన్న రోజులు ఏవి?"

రబాబ్ కాగితాలు తిరగేసి చూసింది. "చాలా వరకు ఖమాసీన్ వీచిన రోజులే."

ఇన్సాఫ్ లేచి వెళ్లి ఆ గదిలో కూర్చుంది. ఎవరూ పిలవలేదు. మిత్వల్లీ నార ఇప్పుడెక్కడుంది? ఆ ఏడే ఓడెక్కి సముద్రం దాటింది. దుప్పటి అయ్యుంటుంది, లేదా కిటికీ తెర. ఆమె ఎన్నడూ చూడని ఏదో చల్లని ఊళ్లో, పేరు తెలియని మనిషెవరో దాని మీద చెంప ఆనించి పడుకుని ఉంటారు. దాన్ని తెచ్చి ఈ దండెం మీద వేలాడదీసే దారి లేదు. రెండో మూడో ఇక ఎప్పటికీ తేలదు. గాలి తప్పెంత, చుట్టూ చూస్తున్న జనం ముందు తన వేళ్లు బిగుసుకున్న తప్పెంత, అదీ తేలదు. అలా తేలదని తెలియడమే ఆమెకు వింతగా ఊరటనిచ్చింది. ఎంతసేపు ఏడ్చిందో ఆమెకు తెలియదు. గదిలో కన్నీళ్లు కూడా నెమ్మదిగా ఆరాయి.

తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో కూర్చుని జెన్‌హోమ్‌కు అంతా చెప్పింది.

"అయితే నువ్వు ఆ రోజు తప్పు చెప్పలేదు" అన్నాడు.

"తప్పే చెప్పి ఉంటాను. అబద్ధం చెప్పలేదు."

అతను గేరు మార్చాడు. ఊరి మలుపు దగ్గర, "ఎక్కడ దింపమంటావు?" అని అడిగాడు.

"బహీగా ఇంటి దగ్గర."

మైక్రోబస్సు పెద్ద రోడ్డు వదిలి ఇరుకు వీధిలోకి తిరిగింది. వెనక నుంచి ఒక ముసలాయన గొణిగాడు. "ఒరే జెన్‌హోమ్, మా కోళ్లు ఎండకి చచ్చిపోతాయి. ఎక్కడికిరా ఇది?"

"రెండు నిమిషాలు, హాగ్ తాతా. చుట్టాలింటికి."

"నీ చుట్టాలింటికి మమ్మల్నందర్నీ ఎందుకు తీసుకెళ్తావు?"

"భోజనం పెట్టరు, కంగారు పడకండి."

బహీగా పెరట్లో కూర్చుని ఫతీర్ అనే పొరల రొట్టె కోసం పిండిని గుడ్డలా పల్చగా సాగదీస్తోంది. మోచేతుల దాకా నెయ్యి. అక్కను చూసి ఆగలేదు. ఇన్సాఫ్ నేల మీద కూర్చుని గది గురించి, బిళ్లల గురించి, గాలి గురించి చెప్పింది. మొదట తడబడింది. చెప్పేకొద్దీ మాటలు వాటంతట అవే వచ్చాయి.

బహీగా అంతా విని, పిండి మడతపెట్టి, మళ్లీ సాగదీసింది.

"గాలి సంగతి నాకెందుకే చెప్తావు" అంది చివరికి. "మూడన్నావని నేనెప్పుడైనా అన్నానా? నీ పనది. నువ్వు ఆ రోజు నా మొహం చూడలేదు. ఒక్కసారి తలెత్తి చూస్తే, మా అక్క ఏం చేస్తుందిలే అనుకునేదాన్ని. ఎవరో పరాయిదాని బండి చూసినట్టు చూసి పంపించావు. అది కూడా గాలి పనేనా?"

ఇన్సాఫ్ ఈసారి చెల్లెలి మొహంలోకి చూసింది. "కాదు" అంది. "అది నా పనే."

"భయపడ్డావు."

"భయపడ్డాను. నిన్ను చూస్తే రెండనేస్తానని."

బహీగా చేతులు ఆగాయి. పిండి మధ్యలో చిన్న చిరుగు పడింది. "చూడు, చించావు" అంది. పిండి అంచును అక్క వైపు జరిపింది. "కూర్చున్నావుగా, అటు పట్టుకో. సాగదీద్దాం."

ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని పిండిని సాగదీశారు. అది పల్చబడి పల్చబడి, దాని గుండా సాయంత్రపు వెలుతురు కనిపించేదాకా. అప్పుడే మిత్వల్లీ పొలం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పెద్ద గొంతు ఏమైందో, మెల్లగా అడిగాడు, "వదినేనా?"

సంగతి విన్నాక, "అయితే నా నార రెండో రకమే అంటావు" అన్నాడు.

"తెలీదు మిత్వల్లీ. ఇక ఎవరికీ తెలీదు."

అతను బుర్ర గోక్కుంటూ వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాడు. తింటూ తింటూ, "ఆ గది మనలాంటోళ్లకి చూపిస్తారా?" అన్నాడు.

నియమాలు ఖరారయ్యే ముందు రైతులు కూడా వచ్చి చూడాలని రబాబే పిలిచింది. వేసవిలో మిత్వల్లీ ఉతికిన పొడుగు అంగీ, గలబియా, వేసుకుని వచ్చాడు. గదిలో అడుగుపెట్టే దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. స్టూలు మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వేలాడుతున్న కట్టలను చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి కళ్లు మూతపడ్డాయి. నిద్రపోయాడనుకుంది ఇన్సాఫ్.

"మా అమ్మకి ఎండ పడేది కాదు" అన్నాడు కళ్లు తెరవకుండానే. "మక్కాలో ఎండ ఎక్కువుంటుందిరా, ఎలా తట్టుకోను అనేది. వెళ్లాలనీ ఉండేది. భయమూ ఉండేది. ఇలాంటి చోట అయితే హాయిగా కూర్చునేది." కొంచెం ఆగి, "నేను చాలాసేపున్నానా?" అన్నాడు.

"తెలీదు. ఇక్కడ తెలీదు."

మరుసటి ఏడాదికి కొత్త పద్ధతి అమల్లోకి వచ్చింది. మీత్ హెలాల్ మిల్లు వెనక కూడా రెండు తలుపులతో ఒక చిన్న గది కట్టారు. దాన్ని చూసుకునే బాధ్యత ఇన్సాఫ్‌కు అప్పగించారు. పొద్దున్నే వెళ్లి గదిలో తేమ, వేడి సరిగ్గా ఉన్నాయో లేదో చూసేది. యంత్రం గొంతు మారితే ముందు ఆమెకే తెలిసేది. బళ్ల నుంచి తీసిన నమూనాలను దండెం మీద విడదీసి వేసేది, తడి జుట్టును ఆరబోసినట్టు. మర్నాడు ముందు చేతితో చూసేది. తర్వాత కొలతలు. ఎప్పుడైనా రెండింటికీ పొత్తు కుదరకపోతే, చేతి మాటను పక్కన పెట్టి కొలత మాటే చెప్పాలి. మొదట్లో అది కష్టమైంది. తన వేళ్లను ఎవరో సాక్షిగా మాత్రమే కూర్చోబెట్టినట్టు అనిపించేది. తర్వాత అలవాటైంది. సాక్షికి బరువు తక్కువ. మధ్యాహ్నపు కునుకులో ఇప్పుడు నారతో వాదించాల్సిన అవసరం ఉండేది కాదు. ఒక్కోసారి ఏ కలా రాని నిద్ర కూడా పట్టేది.

ఆ ఏడు మిత్వల్లీ నార గదికి వచ్చినప్పుడు ఇన్సాఫ్ చేతికి రెండో రకంలా తోచింది. బలం బావుంది, రంగు బావుంది. సన్నదనం కొలత మాత్రం గీతకు కొంచెం అవతల పడింది. మళ్లీ కొలిచారు. అదే వచ్చింది. ఆమె బయటికొచ్చి మిత్వల్లీ దగ్గరికి నడిచింది.

"మూడు" అంది. "నా చేతికి రెండులాగే ఉంది. సన్నదనంలో పోయింది."

మిత్వల్లీ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొడవ కోసం ఎదురుచూశారు. "కొంచెమే?"

"వెంట్రుక వాసి."

"ఒత్తుగా చల్లితేనే నార సన్నగా వస్తుందని నేను చెప్తూనే ఉన్నా. ఆ విత్తనం చల్లింది ఎవరో వెళ్లి నీ చెల్లెల్నే అడుగు" అన్నాడు, కాలవ అవతలి గేదెలు తలెత్తేంత గొంతుతో. అందరూ నవ్వారు. అతను సగం కోపంగానే బండి తోలుకుపోయాడు. సాయంత్రానికి మామూలైపోయాడు.

ఆ చలికాలంలో విత్తనం మిత్వల్లీయే చల్లాడు, ఒత్తుగా. ఫిబ్రవరి వచ్చింది. ఇన్సాఫ్ గదికి తాళం తీయడానికి వెళ్తూ చేల గట్టు మీదుగా నడుస్తోంది. మంచు ఇంకా విడలేదు. వెనక నుంచి బహీగా వస్తూ ఒకటే సణుగుతోంది. తన మనవరాలి నిశ్చితార్థానికి బాతులు వండాలా, పావురాలు వండాలా అని.

"పావురాలు చిన్నవి అక్కా. పిల్లాడి తరఫువాళ్లు లావుపాటి మనుషులు."

"అయితే బాతులు."

"బాతులంటే కొవ్వు. వాళ్ల అమ్మకి పడదట."

"అయితే పావురాలు."

"నువ్వు దేనికీ ఒక మాట మీద నిలబడవేం?"

ఇన్సాఫ్ నడక నెమ్మదించింది. అటూ ఇటూ చేలు నీలంగా, ఎక్కడ అంచో తెలియకుండా ఉన్నాయి. "కాసేపు ఆగుదామే" అంది. బహీగా ఆగలేదు. "రొట్టెలు మాడిపోతాయి, నువ్వు ఆగు" అంటూ గట్టు దిగి ఊరి వైపు వెళ్లిపోయింది. గట్టు మీదే నిలబడ్డ ఇన్సాఫ్‌కు మంచులో చాలాసేపు ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది, బాతులో పావురాలో తనకు తానే తేల్చుకుంటూ.